కప్పు పడని ఇంటికి ప్రతిష్ఠ

పరంజ్యోతమ్మ ఇల్లు పూర్తయిపోయిందట. గ్రామ సచివాలయంలో కంప్యూటరు చూసి వినీల ఆ మాట చెప్పగానే డెబోరాకు ముందు నవ్వొచ్చింది. ఆ తరవాత అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది.

నవ్వు రాక ఏం చేస్తుంది చెప్పండి. పొద్దున కళ్ళు తెరిస్తే ఆమెకు తలపైన కనిపించేది నీలం పట్ట. సరుగుడు కర్రల మీద పరిచి, గాలికి లేవకుండా పైన పాత సైకిలు టైర్లు పడేసిన పట్ట. దాని కింద నాలుగు గోడలున్న మాట నిజమే. గుమ్మం ఉంది, గుమ్మానికి తలుపుంది, కిటికీలకు రెక్కలు మాత్రం లేవు. మూలల్లో పైకి లేచిన ఇనుప చువ్వలు మూడేళ్ళుగా ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతున్నాయి. స్లాబు పడితే ఆ చువ్వలు అందులో కలిసిపోవాలి. ఆ స్లాబే పడలేదు. అత్త పరంజ్యోతమ్మ పేరు మీద మంజూరైన ఇల్లు ఈ అవతారంలో ఉంటే, పూర్తయిందని ఎవరు రాసినట్టు?

వినీల ఇళ్ళ పనులు చూసే ఇంజనీరింగ్ అసిస్టెంటు. ఈ ఊరికి బదిలీ అయి వచ్చి మూడు నెలలైంది. నెల్లూరు నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది, మధ్యాహ్నానికే మొహం వాడిపోయి ఉంటుంది. ఆమె స్క్రీనును డెబోరా వైపు తిప్పి చూపించింది. జనవరిలో సర్వే జరిగింది. ఇల్లు పూర్తి, కుటుంబం అందులోనే నివాసం. చెప్పింది ఎవరయ్యా అంటే ఇల్లు గలావిడే, పరంజ్యోతి. కింద ఆమె వేలిముద్ర కూడా ఉంది.

సంగతేమంటే, మధ్యలో ఆగిపోయిన ఇళ్ళకు మిగతా బిల్లుతో పాటు అదనంగా కొంత ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆగిపోయిన ఇళ్ళ జాబితా నెలాఖరుకు పైకి పోతుంది. పూర్తయిన ఇల్లు ఆగిపోయిన ఇళ్ళ జాబితాలో ఎట్లా ఉంటుంది? అందుకని వీళ్ళ పేరు లేదు. పేరెక్కిస్తే డబ్బు గ్యారంటీగా వస్తుందా అని డెబోరా అడిగింది. ఆ ప్రశ్న ఆమె అప్పటికి ముగ్గురు ఇంజనీరింగ్ అసిస్టెంట్లను అడిగి ఉంటుంది.

"వస్తుందని నేను చెప్పలేనక్కా" అంది వినీల. "లిస్టులో లేకపోతే రాదని మాత్రం చెప్పగలను."

ఆ పిల్ల అబద్ధం చెప్పనందుకు డెబోరాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఇన్నేళ్ళలో ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ, వచ్చే వారం పడుతుంది, పండగ లోపల పడుతుంది అనే మాటలు విని ఆమె చెవులు తూట్లు పడిపోయాయి. ఈ పిల్ల ఒక్కతే తెలియనిదాన్ని తెలియదంది.

అసలీ ఇంటి కథ నాలుగేళ్ళ నాటిది. తోటపల్లి గూడూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఆ పాళెంలో వాళ్ళకు మూడు సెంట్ల స్థలం ఉంది, అది అత్త పేరు మీదుంది. ఇల్లు మంజూరైనప్పుడు అదే స్థలంలో కట్టుకోవాలన్నారు. ఉన్న రేకుల ఇల్లు పీకితే గాని కొత్తదానికి చోటు లేదు. పీకేశారు. బేస్‌మెంటు లేస్తే ఒక బిల్లు, గుమ్మం పైన లింటల్ లెవెల్‌కు ఒక బిల్లు, స్లాబుకు ఒక బిల్లు. పని ముందు మనం చేయాలి, ఫోటో కంప్యూటర్లో ఎక్కాలి, ఆ తరవాత వాళ్ళు డబ్బు వేస్తారు. ప్రతి ఫోటోలోనూ ఇంటి ముందు పరంజ్యోతమ్మ నిలబడాలి. ఆమె తెల్ల చీర కట్టుకుని, చేతులు కట్టుకుని రెండుసార్లు నిలబడింది. రెండో ఫోటో ఎక్కింది గాని రెండో బిల్లు సగమే వచ్చింది. ఆ తరవాత నిధులు లేవన్నారు. ఎన్నికలన్నారు. పాత లెక్కలు తేలాలన్నారు. పొదుపు గ్రూపులో ఇంటి కోసం తీసుకున్న లోను మాత్రం ఎవరూ ఆపలేదు, ప్రతి నెలా పదో తేదీకి కంతు కట్టాల్సిందే. డెబోరా రొయ్యల షెడ్డులో నిలబడి తలలు తీసి తెచ్చే కూలిలోంచి ముందు ఆ కంతు తీసి పక్కన పెట్టి, మిగిలిన దాంతో బియ్యం తెచ్చేది. మొగుడు మాథ్యూ రొయ్యల గుంటల కాపలా. ఒక్కగానొక్క కూతురు తడ దగ్గర కంపెనీలో పని చేస్తూ హాస్టల్లో ఉంటుంది. సెలవుకు రమ్మంటే, వచ్చి ఎక్కడ పడుకోవాలమ్మా అంటుంది.

ఇల్లు పీకాక పక్క వీధిలో ఒక గదికి అద్దెకు పోయారు. మూడేళ్ళు ఆ గదిలోనే. పోయిన నవంబరు వానల్లో పరంజ్యోతమ్మకు జ్వరం పట్టుకుంది. ఎనభై దాటిన మనిషి. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఆపరేషనుకు గుండె ఆగదన్నారు డాక్టర్లు. ఆ జ్వరంలో ఆమె ఒకటే మాట. మన ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన చూసి పోతాను, అద్దె గదిలోంచి నన్ను ఎత్తకండి అని. ప్రతిష్ఠ ప్రార్థన అంటే కొత్తింట్లో చేరేటప్పుడు చేయించే ప్రార్థన.

ఎత్తుకుపోయే రోజులు దగ్గర పడ్డాయనే అందరూ అనుకున్నారు. అప్పుడు డెబోరాకు ఆ ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనా చెడ్డ ఆలోచనా అని తూకం వేసుకునే స్థితిలో ఆమె లేదు. తాపీ మేస్త్రి మీరా మొహిద్దీన్ దగ్గరికి పోయి అడిగింది. ఆయన మారుమాట లేకుండా సరుగుడు కర్రలు తెచ్చి గోడల మీద అడ్డంగా పరిచి, నీలం పట్ట కప్పించాడు. పట్ట కనబడకుండా లోపలివైపు షామియానా వాళ్ళ తెల్లగుడ్డ లాగి కట్టారు. స్లాబు పడిందత్తా అని డెబోరా అత్త చెవిలో చెప్పింది. పాస్టరు హెన్రీ గారికి సంగతంతా తెలుసు. గోడలున్నాయి, గుమ్మముంది, మనుషులున్నారు, ప్రార్థనకు ఇంకేం కావాలమ్మా అన్నాడు. కార్డులు కొట్టించారు. గుమ్మానికి రిబ్బను కట్టి కత్తిరించారు. పప్పు, వంకాయ కూర, కోడి కూరతో పాళెమంతటికీ భోజనాలు పెట్టారు. తలా ఒక మాట మీద ఉండే పాళెం ఆ ఒక్కరోజు ఒక్క మాట మీద నిలబడింది. ముసలమ్మ ముందు కప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇల్లు పూర్తయిన రోజు మేస్త్రికి కొత్త బట్టలు పెట్టడం ఆనవాయితీ. పరంజ్యోతమ్మే అడిగి మరీ ఆ షర్టు గుడ్డా, ప్యాంటు గుడ్డా తన చేతులతో పట్టుకుని మొహిద్దీన్‌ను పిలిచింది. ఆయన తలకాయ దించుకుని తీసుకున్నాడు. వేయని స్లాబుకు బట్టలు పెట్టించుకున్న మేస్త్రి ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే అయి ఉంటాడు. ఆ గుడ్డలు ఆయన కుట్టించుకోలేదని తరవాత తెలిసింది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ప్రార్థన చూసి పోతానన్న మనిషి, ప్రార్థన మర్నాటి నుంచి కోలుకుంది. వారం తిరిగేసరికి లేచి కూర్చుని కాఫీ అడిగింది. సంతోషమే, కాదనడానికి డెబోరా ఏమంత రాతి గుండె మనిషి కాదు. కాని ఒక్కరోజు కోసం ఆడిన అబద్ధం ఇప్పుడు రోజూ ఆడాల్సి వచ్చింది. అద్దె గది ఖాళీ చేసి ఆ పట్ట కిందే కాపురం పెట్టారు. గాలికి పట్ట టపటపమంటే, పక్కింటోళ్ళు దుప్పట్లు ఆరేశారత్తా అనేది డెబోరా. పరంజ్యోతమ్మ ఊ అనేది.

ఆ తరవాత రెండు నెలలకు, డెబోరా షెడ్డులో ఉన్నప్పుడు, మాథ్యూ గుంటల మీద ఉన్నప్పుడు, సర్వేకు వచ్చిన మనిషి వీధిలోంచే అడిగితే వాకిట్లో కూర్చున్న పరంజ్యోతమ్మ జవాబు చెప్పి, వేలిముద్ర వేసింది. ఇల్లు గలావిడే చెప్పాక రాసుకున్నవాళ్ళ తప్పేముంది? తన అబద్ధమే తిరిగొచ్చి తన నెత్తిన పడిందని సచివాలయం మెట్లు దిగుతూ డెబోరా అనుకుంది. తిట్టుకోవడానికి ఇంకొక మనిషి కూడా దొరకలేదు.

సరిచేయడానికి ఒక దారి చెప్పింది వినీల. గురువారం పై ఆఫీసు నుంచి ఆఫీసరొస్తాడు, ఇట్లాంటి తేడాలున్న ఇళ్ళు మళ్ళీ చూస్తాడు. పట్ట తీసేసి ఉండాలి. లోపల మంచమూ గిన్నెలూ లాంటివేమీ కనిపించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మొదట పూర్తయిందని చెప్పిన మనిషే వీడియోలో తన నోటితో చెప్పాలి. ఇల్లు పూర్తి కాలేదని, అందులో ఉండటం లేదని.

వినీలకు అది మామూలు సంగతి. ఆమెకు పరంజ్యోతమ్మ తెలియదు. ఆవిడ ముప్పై ఏళ్ళు మిషన్ బడిలో ఆయాగా చేసిన మనిషి. ఒకప్పుడు కరెంటు లైన్‌మన్ ఊళ్ళోకి వస్తే, మా ఇంటికి కూడా తీగకు కొక్కెం వేసినాం నాయనా అని ఎదురుపోయి చెప్పింది. అడక్కుండానే చెప్పింది. ఆ ఏడు మాథ్యూ జరిమానా కట్టాడు, పాళెంలో మిగతా కొక్కేలన్నీ ఆ దెబ్బకు ఊడాయి. నెలరోజులు ఎవరూ వీళ్ళ ఇంటివైపు చూడలేదు. అట్లాంటి మనిషికి, నువ్వు ప్రార్థన చేసుకున్న ఇంటికి కప్పే లేదు, మేమంతా కలిసి నీకు అబద్ధం చెప్పినాం అని ఇప్పుడు చెప్పాలి. చెప్పకపోతే స్లాబు ఇంక ఈ జన్మకు లేదు.

మంగళవారం చెప్పలేకపోయింది. బుధవారం మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, అయినా వదలని రొయ్యల వాసనతోనే అత్త మంచం పక్కన నేల మీద కూర్చుంది. మాథ్యూ గుమ్మం బయటే నిలబడ్డాడు. తల్లికి ఎదురుపడే ధైర్యం అతనికి ఎప్పుడూ లేదు.

"అత్తా, నీకొక మాట చెప్పాల" అంది డెబోరా. "మన ఇంటికి స్లాబు పడలే."

పరంజ్యోతమ్మ ఉలిక్కిపడలేదు. చీర కొంగు సర్దుకుంది.

"పట్ట గదా" అంది.

ముసలమ్మే మళ్ళీ అందుకుంది.

"ప్రార్థనైన నాలుగో రోజు వాన పడలా? స్లాబు కింద వాన చప్పుడు ఇనపడదు మే. మనింట్లో బియ్యం చెరిగినట్టు ఇనపడింది. కళ్ళు పోయినాయి గాని చెవులు పోలేదు గదా నాకు."

"తెలిసే ఉంటే సర్వే అతనికి పూర్తయిందని ఎందుకు చెప్పినావు?" అని అడిగింది డెబోరా. అది కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"ఏం చెప్పమంటావు? కార్డులు కొట్టించినావు. మేస్త్రికి నా చేత్తో బట్టలు పెట్టించినావు. పాళెమంతా వచ్చి తినిపోయినారు. ముక్కూ మొఖం తెలియనోడు వచ్చి అడిగితే, కప్పు లేదు నాయనా, నా కోడలు అబద్ధమాడిందని చెప్పేదా? అది ఎవురి కోసం ఆడినావో నాకు తెలియదా?"

గుమ్మం బయట మాథ్యూ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

డెబోరాకు నిజంగా ఒళ్ళు మండింది. లైన్‌మన్‌కు ఎదురుపోయి నిజం చెప్పిన మనిషి, ఎనభై ఏళ్ళ బతుకులో ఒక్కటంటే ఒక్క అబద్ధం చెప్పింది. అది కూడా తన కోడలి పరువు కోసం చెప్పింది. సరిగ్గా అదే ఇంటి కప్పును మింగేసింది. ఈ ముసలమ్మను కావలించుకోవాలో, నాలుగు మాటలు అడిగెయ్యాలో ఆమెకు పాలుపోలేదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాచి, ఇద్దరూ కలిసి వీధిన పడ్డారు. ఆమె అలసిపోయి మంచం పట్టెమీద తల ఆనించింది. పరంజ్యోతమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె జుట్టు మీద ఆగింది. తలకు నూనె పెట్టుకుని ఎన్నాళ్ళయింది మే అని అడిగింది.

కాసేపటికి డెబోరా గురువారం సంగతి చెప్పింది. ఏం చెప్పాలో కూడా నేర్పింది. పూర్తి కాలేదు, ఉండటం లేదు, రెండే మాటలు. పరంజ్యోతమ్మ రెండో మాట దగ్గర ఆగింది. ఉంటున్నాం గదా అంది. పొద్దున్నే సామానంతా తీసేస్తాం, అప్పుడు ఉండనట్టే గదా అని డెబోరా నచ్చజెప్పింది. ముసలమ్మ ఆలోచించి, సరే తీసేసినాకే చెప్తా అంది.

గురువారం పొద్దున మీరా మొహిద్దీన్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. కూలి అడగలేదు, ఇస్తామన్నా తీసుకోలేదు. పట్ట మీద టైర్లు దించి, ముళ్ళు విప్పి, పట్ట మడిచి వాకిట్లో పెట్టాడు. లోపల తెల్లగుడ్డ ఎలుకలు కొట్టి, మసి పట్టి ఉంది. స్టవ్వు, గిన్నెలు, బట్టల పెట్టె పక్కింటికి చేరాయి. గోడకు తగిలించిన బైబిలు వాక్యం పటం డెబోరా తానే దించింది. మంచంతో సహా పరంజ్యోతమ్మను మాథ్యూ, ఇంకొకరు ఎత్తి బయట వేపచెట్టు నీడకు తెచ్చారు. అద్దె గదిలోంచి ఎత్తొద్దన్న మనిషిని సొంత ఇంట్లోంచి ఎత్తుతున్నాం అనుకుంది డెబోరా.

మేస్త్రి గొంతు గుర్తుపట్టి పరంజ్యోతమ్మ, బట్టలు కుట్టించుకున్నావా మొహిద్దీనూ అని అడిగింది.

"బీరువాలో అట్నే ఉండాయి పెద్దమ్మా. స్లాబు పోసిన రోజు కుట్టించుకుంటా."

పదకొండుకు వస్తానన్న ఆఫీసరు మూడున్నరకు వచ్చాడు. అప్పటికి ఆయన ఆ పొద్దు ఇరవై ఇళ్ళు చూసి ఉన్నాడు. చెడ్డవాడేమీ కాదు, చెప్పులు ఇసుకలో కూరుకుపోతుంటే ఎత్తి ఎత్తి వేస్తూ వచ్చాడు. లోపలికి తొంగి చూశాడు, పైకి చూశాడు, ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. తరవాత లబ్ధిదారును ఇంటి ముందు నిలబెట్టమన్నాడు. డెబోరా, మాథ్యూ చెరొక రెక్కా పట్టుకుని నిలబెట్టారు. వీడియోలో ఆమె ఒక్కతే ఉండాలన్నాడు ఆఫీసరు. వాళ్ళు చేతులు వదిలి రెండడుగులు పక్కకు జరిగారు. ముసలమ్మ ఊగింది, నిలదొక్కుకుంది. పాత అలవాటు కొద్దీ చేతులు కట్టుకుంది. పడిపోతే పట్టుకోవడానికి డెబోరా రెండు చేతులూ చాపి ఉంచింది.

ఈ ఇల్లు మీదేనా అని ఆఫీసరు అడిగాడు. నాదే అంది. ఇల్లు పూర్తయిందా అని అడిగాడు.

పరంజ్యోతమ్మ తల పైకెత్తింది. ఆ కళ్ళకు ఏం కనిపించిందో, ఇంటి పైన ఉండాల్సిన నీడ లేకపోవడం మాత్రం తెలిసి ఉంటుంది.

"కప్పు లేదు నాయనా" అంది. "పోయిన తడవ పూర్తయిందని చెప్పినాను. అది అబద్ధం. ఇప్పుడు నిజం చెప్తుండా."

ఆఫీసరు వీడియో ఆపేసి, అంత వద్దమ్మా, అడిగిన దానికి మాత్రం చెప్పండి అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి ఆమె కప్పు లేదు అని మాత్రం చెప్పింది. ఇందులో ఎవరైనా ఉంటున్నారా అని చివరిగా అడిగాడు.

"ఈ పూట నుంచి లేదు" అంది పరంజ్యోతమ్మ.

ఆఫీసరు నవ్వాడో, విసుక్కున్నాడో, వీడియోను అట్లాగే ఉంచాడు. వేలిముద్ర మూడుసార్లు పెట్టినా పడలేదు, నాలుగోసారి పడింది. ఎక్కిస్తాం, మిగతాది పైవాళ్ళ చేతిలో ఉంది అని చెప్పి వెళ్ళిపోయాడు. వినీల వెనకనే ఆగి, ఎవరూ వినకుండా డెబోరాతో ఒక మాట అంది. అందరూ సాయంత్రానికి మళ్ళీ కప్పుకుంటారక్కా, మీరూ కప్పుకోండి, నేను ఈ వైపు రానులే అని. ఆ పిల్ల మంచితనానికి డెబోరాకు కళ్ళు చెమర్చాయి.

మొహిద్దీన్ అప్పటికే పట్ట విప్పుతున్నాడు. ఆ చప్పుడు విని పరంజ్యోతమ్మ, ఏం చేస్తుండారు అని అడిగింది. మళ్ళీ కప్పుతున్నాం అని మాథ్యూ చెప్పాడు.

"ఉండటం లేదని చెప్పినాను" అంది ఆవిడ. "చెప్పిన నోటితోనే లోపలికి పోయి ఉండేదెట్లా? ఒక్క అబద్ధానికే ఆర్నెల్లు పోయినాయి. ఇంకోటి చెప్తే నేను పోయేలోపల కప్పు పడదు. స్లాబు పోసినాక పోతా లోపలికి."

ఎంత చెప్పినా వినలేదు. మాథ్యూ కోప్పడ్డాడు, వేడుకున్నాడు. పాస్టరు గారు వచ్చి చెప్పి చూశాడు. ఆవిడ మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ముసలమ్మను ఒక్కదాన్ని బయట వదిలి వీళ్ళు లోపల పడుకుంటారా? మళ్ళీ అద్దె గదికి పోదామంటే అడ్వాన్సుకు డబ్బెక్కడిది? చివరికి మొహిద్దీనే ఒక ఏర్పాటు చేశాడు. ఇంటి గోడకూ వీధి కాలవకూ మధ్య ఉన్న ఆరడుగుల జాగాలో నాలుగు సరుగుడు కర్రలు పాతి, పట్టను గోడ పైనుంచి బయటికి వాలుగా లాగి కట్టాడు. దాని కింద మంచం, మంచం పక్కన స్టవ్వు. ఇంటికి ఆనుకుని, ఇంటి బయట కాపురం. దారిన పోయేవాళ్ళు మొదట ముక్కున వేలేసుకున్నారు, తరవాత అలవాటు పడ్డారు.

నెలాఖరుకు జాబితాలో పేరెక్కింది. వినీల ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు డెబోరా షెడ్డులో అందరికీ టీ ఇప్పించింది. తరవాత ప్రతి వారం సచివాలయానికి పోయేది, పోలేని వారం ఫోన్ చేసేది. పేరుంది. ఫోటో ఉంది. వీడియో ఉంది. నిధులు విడుదల కావలసి ఉంది. ఆ చివరి మాట ఆగస్టులో ఉంది, సెప్టెంబరులో ఉంది, అక్టోబరు మొదట్లోనూ ఉంది. అత్త మాత్రం డబ్బొచ్చిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఏం రాసుంది మే అని అడిగేది. కావలసి ఉందత్తా అని డెబోరా చెప్పేది. ఆవిడ ఊ అని అటు తిరిగి, అరచెయ్యి గోడకు ఆనించుకుని పడుకునేది.

అక్టోబరు మూడో వారంలో వాయుగుండం అన్నారు. మధ్యాహ్నం నుంచే సముద్రం హోరు ఎక్కువైంది, నాలుగింటికి వాన మొదలైంది. చిన్న వాన కాదు. డెబోరా స్టవ్వును మంచం కిందికి తోసి, బట్టల పెట్టెను ఒడిలో పెట్టుకుని అత్త పక్కన కూర్చుంది. వీపుకు గోడ తగులుతోంది. పక్కనే రెక్కలు లేని కిటికీ. అందులోంచి చూస్తే లోపల హాలు కనిపిస్తోంది. పోయిన ఏడు ఇదే కాలంలో పాళెమంతా కూర్చుని పాటలు పాడిన చోట వాన సూటిగా పడుతోంది. నీళ్ళు మడమల లోతుకు చేరి, గడప దాటి బయటికి పారుతున్నాయి. తామున్న పట్ట కింద మాత్రం చుక్క పడలేదు. మొహిద్దీన్ కట్టిన కట్టు గట్టిది.

"లోపల పడతుందా?" అని అడిగింది పరంజ్యోతమ్మ.

"పడతుందత్తా."

"పడనీలే. గోడలకు నీళ్ళు పట్టాలంటాడు గదా మేస్త్రి."

"మూడేళ్ళ గోడలకు ఇంకా నీళ్ళేంది" అంది డెబోరా. అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. వాన చప్పుడులో అత్తకు వినపడదనుకుంది గాని, అత్త చెయ్యి మళ్ళీ తడుముకుంటూ వచ్చి ఆమె జుట్టు మీద ఆగింది.

అప్పుడు మాథ్యూ గుంటల మీది నుంచి వచ్చాడు. నెత్తిన యూరియా గోతం కప్పుకుని, తల వంచుకుని, వానకు పరుగున వచ్చాడు. ఏళ్ళ తరబడి అలసిన కాళ్ళు తమకు తెలిసిన దారినే పోయాయి. నేరుగా గుమ్మంలోంచి ఇంట్లోకి దూరి, తన వెనకే తలుపు కూడా వేసుకున్నాడు. వేసుకుని, నెత్తి మీది గోతం తీసి దులిపాడు. కిటికీలోంచి డెబోరా చూస్తూనే ఉంది. తన ఇంటి నడిమధ్య మడమల లోతు నీళ్ళలో నిలబడి, నెత్తిన వాన కురుస్తుంటే, మాథ్యూ మెల్లగా తలెత్తి పైకి చూశాడు. చూసి, అట్లాగే నిలబడిపోయాడు.

తలుపు చప్పుడు విని పరంజ్యోతమ్మ కిటికీ వైపు మొహం తిప్పింది.

"తడుస్తుండావు గదరా మాథ్యూ" అని పిలిచింది. "లోపలికి రా."

మాథ్యూ తలుపు తీసుకుని ఇంట్లోంచి బయటికి వచ్చి, వంగి పట్ట కిందికి దూరాడు. డెబోరా పెట్టె ఇంకొంచెం దగ్గరికి లాక్కుని అతనికి చోటిచ్చింది.